వరంలో మెలిక



పోయిన వర్షాకాలంలో ఒకనాడు ఖరగ్‌పూర్‌లో వాన తెరిపివ్వలేదు. ఆటస్థలం చెరువైపోయింది. ఆటల పీరియడ్‌లో బయటికి వెళ్ళే దారి లేక ఏడో తరగతి తెలుగు పిల్లలూ మేమూ గ్రంథాలయంలో పెద్ద బల్ల చుట్టూ చేరాం. ఒక అబ్బాయి సంచిలోంచి ఇరవై ముఖాల పాచిక తీశాడు. వాళ్ళన్నయ్య హాస్టల్ నుంచి తెచ్చిచ్చాడట. మామూలు పాచికకు ఆరు ముఖాలే కదా, ఇదేమిటని అందరూ ఎగబడి చూశారు. ఆ రోజు మొదలైన ఆట మా తెలుగు తరగతిలో చాలా వారాలు సాగింది. అందులో మేం నేర్చుకున్నదీ, పొరపడినదీ ఈ పాఠంలో చెప్పుకుందాం.

ఆట ఎలా ఉంటుంది?

ఈ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. 1974లో మొదటిసారి అచ్చయింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు మంత్రగత్తె, ఒకరు వీరుడు, ఒకరు దొంగ. కథకుడు, "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది. ఏం చేస్తారు?" అని అడుగుతాడు. వీరుడు, "తలుపు బద్దలు కొడతాను" అంటాడు. పాచిక వేస్తే పెద్ద అంకె పడిందా, తలుపు విరుగుతుంది. చిన్న అంకె పడిందా, వీరుడి భుజం బెణుకుతుంది. గెలుపోటములు ముఖ్యం కాదు. కథ ముందుకు నడవడమే ఆట.

మనకిది పూర్తిగా కొత్తదేమీ కాదు. మీ అమ్మమ్మలు ఆడిన వైకుంఠపాళిలో మంచి గుణానికి నిచ్చెన, చెడ్డ గుణానికి పాము ఉండేవి. చేసిన పనికి ఫలితం ఆ పటం మీదే గీసి ఉండేది. ఈ కొత్త ఆటలో ఫలితాన్ని ముందే ఎవరూ గీసిపెట్టరు. కథకుడు అప్పటికప్పుడు ఆలోచించి చెప్పాలి.

ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద మంత్రం 'విష్', అంటే కోరిక. నోటితో ఏది అడిగితే అది జరుగుతుంది. అయితే కోరిక ఎంత పెద్దదైతే అది వికటించే అవకాశం అంత ఎక్కువ. 2014లో వచ్చిన ఐదో కూర్పులో ఒక ఉదాహరణ ఉంది. "ఆ దుర్మార్గుడు చనిపోయి ఉండాలి" అని ఒకరు కోరారనుకోండి. కథకుడు దుర్మార్గుణ్ణి ముట్టుకోనక్కర్లేదు. కోరినవాడినే ఎన్నో ఏళ్ళు ముందుకు, ఆ దుర్మార్గుడు బతికి లేని కాలంలోకి పంపెయ్యవచ్చు. అడిగిన మాట నెరవేరింది. అనుకున్నది మాత్రం జరగలేదు. పైగా ఆ మంత్రాన్ని మామూలు హద్దు దాటి వాడితే, మళ్ళీ జన్మలో వాడలేకపోయే ప్రమాదం 33 శాతం ఉంటుంది.

అడిగిన మాటకూ మనసులోని కోరికకూ మధ్య ఉన్న ఈ సందునే మేం 'మెలిక' అని పిలుచుకున్నాం.

మన కథల్లో మెలికలు

"ఇలాంటివి మనకి బోలెడున్నాయి టీచర్!" అంటూ పిల్లలే జాబితా మొదలుపెట్టారు. మేం వాటిని నల్లబల్ల మీద నాలుగు రకాలుగా విడదీశాం.

మొదటిది లెక్క మెలిక. మహాభారతం ఆదిపర్వంలో ద్రౌపది పూర్వజన్మ కథ ఉంది. ఆమె శివుణ్ణి భర్త కావాలని ఐదుసార్లు అడిగింది. ఆత్రం కొద్దీ అడిగిందే మళ్ళీ అడిగింది. శివుడు మాత్రం లెక్కపెట్టుకున్నాడు. ఐదుగురు భర్తలని వరమిచ్చాడు.

రెండోది జాబితా మెలిక. తనకు ఎవరి వల్ల చావు రాకూడదో రావణుడు వరసగా చెప్పాడు: దేవతలు, దానవులు, యక్షులు. మనుషులను గడ్డిపోచలతో సమానంగా చూసి వదిలేశాడు. ఆ వదిలేసిన చోటి నుంచే రాముడు వచ్చాడు. హిరణ్యకశిపుడు ఇంకా జాగ్రత్తపరుడు. మనిషి వల్లా మృగం వల్లా వద్దు, పగలూ రాత్రీ వద్దు, ఇంటా బయటా వద్దు, నేల మీదా ఆకాశంలోనూ వద్దన్నాడు. నరసింహుడు ఆ జాబితాలో ప్రతి రెండు మాటల మధ్యా ఉన్న సందును పట్టుకున్నాడు: సగం మనిషి, సగం సింహం, సంధ్యవేళ, గడప, తొడ. పోతన భాగవతం ఏడో స్కంధంలో ఈ కథ చదవండి. వరం ఎలా రాయాలో, దాన్ని ఎలా చదవాలో రెండూ తెలుస్తాయి.

మూడోది తిరుగు మెలిక. ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్ళు బూడిద కావాలని అడిగినవాడు, 'నా తల తప్ప' అని చేర్చలేదు. భాగవతంలో అతని పేరు వృకాసురుడు. అక్కడ విష్ణువు బ్రహ్మచారి వేషంలో వచ్చి, నీ తల మీదే పరీక్షించుకోమంటాడు. జనం నోట అది మోహినీ భస్మాసుర కథ అయింది. 'భస్మాసుర హస్తం' అనే జాతీయం ఆ కథ ఇచ్చిందే.

నాలుగోది నోటి మెలిక. కుంభకర్ణుడు ఘోర తపస్సు చేశాడు. తీరా వరం అడిగే క్షణంలో సరస్వతి అతని నాలుక మీద నిలిచింది. అతను ఏళ్ళ తరబడి నిద్ర కావాలన్నాడు. తపస్సు ఎంత గొప్పదైనా చివరికి వరమయ్యేది ఒక్క వాక్యం. ఆ వాక్యం తప్పితే అంతా పోయినట్టే.

తెలుగు మాటలో దాగిన సందులు

తర్వాత వారం పిల్లలంతా చీటీల మీద తలా ఒక కోరిక రాశారు. రాసిన చీటీ పక్కవాళ్ళకి ఇవ్వాలి. వాళ్ళు అందులో మెలిక వెతకాలి. అప్పుడు తెలిసింది, తెలుగులో ఒక్కో మాటకు ఎన్ని తలుపులున్నాయో.

"అందరూ నా మాట వినాలి" అని ఒక అమ్మాయి రాసింది. లోబడాలని ఆమె ఉద్దేశం. పక్క అబ్బాయి 'వినడం' అనే మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. ఇక ఆమె గొంతు నింపురా నుంచి గోల్‌బజార్ దాకా ప్రతి చెవికీ వినిపిస్తుంది. స్నేహితురాలి చెవిలో చెప్పిన రహస్యం కూడా ఊరంతా వింటుంది. ఎవరూ ఆమె చెప్పినట్టు చెయ్యరు, విసుక్కుంటారంతే.

"నేను త్వరగా పెద్దవాణ్ణి కావాలి" అని ఇంకొకరు రాశారు. 'పెద్ద' అంటే గొప్పా? ఎత్తా? వయసా? మర్నాడు అతనికి తెల్లజుట్టు, చేతికర్ర వచ్చాయి. బస్సులో అందరూ లేచి చోటిస్తున్నారు.

"నాకు సెలవు కావాలి" అన్న చీటీకి పెద్ద నవ్వులు వచ్చాయి. సెలవంటే బడి లేని రోజనే కాదు, వెళ్ళొస్తామని చెప్పే మాట కూడా. ఆ పిల్లవాడు ఎక్కడికి వెళ్ళినా ఎదుటివాళ్ళు, "ఇక సెలవు" అని లేచి వెళ్ళిపోతున్నారు. క్యాంటీన్‌లో కూడా అంతే. సమోసా ఇచ్చేవాళ్ళు లేరు.

"నా పేరు ఊరంతా మారుమోగాలి" అన్నవాడి పేరును స్టేషన్ మైకు పట్టుకుంది. రాత్రి రెండు గంటలకు కూడా, వరసగా మూడు భాషల్లో, ఫలానావాడు నాలుగు గంటలు ఆలస్యంగా నడుస్తున్నాడని చెబుతోంది.

మన ఊరి మీద అభిమానంతో ఒకరు, "ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారమే ఎప్పటికీ ప్రపంచంలో అన్నిటికన్నా పొడవుగా ఉండాలి" అని రాశారు. మన ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో అదే మొదటిది. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాటేసింది. 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్నీ దాటింది. వరం పని చేయాలంటే ఎక్కడ ఎవరు ప్లాట్‌ఫారం పెంచినా మనది తెల్లారేసరికి ఇంకొంచెం పెరగాలి. పెరిగి పెరిగి అది హౌరా చేరింది. ఇక రైలు దేనికి, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని నడిచి వెళ్ళొచ్చు కదా! కాని ఆ టికెట్టు రెండు గంటలే చెల్లుతుంది. కోల్‌కతా దాకా నడిచేవాళ్ళందరికీ దారిలోనే జరిమానా.

చూశారా, ఇది వ్యాకరణ పాఠం కూడా. మెలికలన్నీ నాలుగు ప్రశ్నల దగ్గరే పుట్టాయి. ఎవరికి? ఎంత? ఎప్పటిదాకా? ఏ అర్థంలో? వాక్యంలో కర్త, సంఖ్య, కాలం, పదార్థం తేలకపోతే అక్కడ సందు ఏర్పడుతుంది. సెలవు చీటీ రాసేటప్పుడైనా, పరీక్షలో జవాబు రాసేటప్పుడైనా ఆ నాలుగు ప్రశ్నలూ వేసుకుంటే మంచిది.

మేం చేసిన పొరపాటు

మూడో వారం కథకుల స్థానంలో మేం కూర్చున్నాం. చీటీలు ఒక్కొక్కటే తీసి ఫలితం చెబుతున్నాం. పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. మాకూ ఉత్సాహం పెరిగింది. అప్పుడు ఈ చీటీ వచ్చింది: "మా నాన్నగారికి ఇక ఎప్పటికీ బదిలీ రాకూడదు."

క్షణం కూడా ఆగకుండా చెప్పేశాం. "సరే, మీ నాన్నగారికి రాదు. మిగతా అందరికీ వస్తుంది. ప్రతి ఏప్రిల్‌లో నీ పక్క బెంచీ ఖాళీ అవుతుంది. నువ్వు మాత్రం ఇక్కడే ఉండి, ఏటా అందరినీ రైలెక్కించి వస్తుంటావు."

మెలికగా చూస్తే అందులో తప్పు లేదు. అడిగిన మాట తు.చ. తప్పకుండా నెరవేరింది. కాని ఎవరూ నవ్వలేదు. చీటీ రాసిన అమ్మాయి తల వంచుకుని బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుంది. గంట మోగాక ఆమె స్నేహితురాలు మా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది: "టీచర్, వాళ్ళ నాన్నగారికి సోమవారమే ఆర్డరు వచ్చింది."

ఆ అమ్మాయికి అది ఆట చీటీ కాదు. ఎవరికీ చెప్పుకోలేక, ఆట ముసుగులో రాసిన మాట. బదిలీ అంటే ఏమిటో మాకు తెలియనిది కాదు. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇది మాకు ఐదో ఊరు. ఒక చోట తెలుగు తరగతిలో ముగ్గురే పిల్లలుండేవారు. ఆ ముగ్గురూ ఒకే ఏడాది వెళ్ళిపోయారు. అంత తెలిసీ ఆ చీటీలో మాకు సందు కనిపించింది, పిల్ల కనిపించలేదు.

ఇంగ్లీషులో డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' అనే కథ ఉంది. ఒక ముసలి దంపతులకు కోరికలు తీర్చే ఎండిన కోతి చెయ్యి దొరుకుతుంది. రెండు వందల పౌండ్లు అడుగుతారు. ఆ డబ్బు వస్తుంది, కొడుకు కర్మాగారంలో యంత్రంలో చిక్కుకుని చనిపోయినందుకు పరిహారంగా. కథగా చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఇదే ఫలితాన్ని వర్క్‌షాపులో పనిచేసే నాన్న ఉన్న పిల్లవాడికి ఎదురుగా కూర్చుని చెప్పగలమా? పుస్తకంలో పాత్రకు జరిగేది వేరు. బల్లకు అవతల కూర్చున్న మనిషికి చెప్పేది వేరు.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, తప్పు మాదేనని చెప్పాం. ఆమె, "పర్లేదు టీచర్, మెలిక బాగానే ఉంది" అంది. అది మర్యాదకు అన్న మాటని ఇద్దరికీ తెలుసు.

నియమాలు

ఆ తర్వాత తరగతిలో అందరం కలిసి కథకులకు ఐదు నియమాలు రాసుకున్నాం.

1. కోరిక తీరాలి. 'వరం లేదు పొమ్మంటే' అది మెలిక కాదు, మోసం.

2. ఫలితం అడిగిన మాటలోంచే రావాలి. వాన అడిగినవాడికి భూకంపం ఇస్తే అందులో తెలివి లేదు. వాన ఒక్క అతని ఇంటి మీదే కురిస్తే తెలివి.

3. ఫలితం కొత్త దారి చూపాలి. కథ అక్కడితో ఆగిపోతే ఆట చచ్చినట్టే. తెల్లజుట్టు వచ్చిన పిల్లవాణ్ణి కోటలో వాళ్ళు ముసలి మంత్రి అనుకుని లోపలికి రానిచ్చారు. చూడండి, కథ నడిచింది.

4. శాపానికి విమోచనం ఉండాలి. మన పురాణాల్లో శపించినవాళ్ళే తరచుగా ముగింపు కూడా చెబుతారు. అర్జునుణ్ణి ఊర్వశి శపించినప్పుడు ఇంద్రుడు దాన్ని ఒక్క ఏడాదికి కుదించాడు. అజ్ఞాతవాసంలో ఆ ఏడాదే అర్జునుణ్ణి కాపాడింది. విరాటరాజు కొలువులో బృహన్నలగా నాట్యం నేర్పుతున్న ఆ మనిషే అర్జునుడని ఎవరూ పోల్చుకోలేదు.

5. శాపం పాత్రకే తగలాలి, ఆడేవాళ్ళకు కాదు. ఎవరి ముఖమైనా వాడిపోతే ఆట ఆపాలి. ఏం జరిగిందని అడగాలి. చెప్పకపోతే బలవంతం చెయ్యకూడదు.

ఐదో నియమం అందరికన్నా ఎక్కువ మాకోసమే.

భట్టి చేసిన లెక్క

"మెలికలన్నీ చెడుకేనా? మంచికి వాడలేమా?" అని అడిగింది ఆ అమ్మాయే. అప్పుడు భట్టి విక్రమార్కుల కథ చెప్పుకున్నాం. విక్రమార్కుడికి దొరికిన వరం సింహాసనం మీద వెయ్యేళ్ళు. మంత్రి భట్టి ఆ వాక్యాన్ని జాగ్రత్తగా చదివాడు. సింహాసనం మీద కూర్చున్న కాలమే కదా లెక్క! ఆరు నెలలు రాజ్యమేలు, ఆరు నెలలు దేశాలు తిరుగు అన్నాడు. తిరిగే కాలం లెక్కలోకి రాదు. వెయ్యేళ్ళు రెండు వేలయ్యాయి.

సావిత్రి కూడా ఇదే విద్య తెలిసిన మనిషి. భర్త ప్రాణం తప్ప ఏదైనా అడగమన్నాడు యముడు. ఆమె మామగారి చూపు, రాజ్యం అడిగింది. తండ్రికి కొడుకులను అడిగింది. తర్వాత తనకూ సత్యవంతుడికీ సంతానం అడిగింది. యముడు సరేనన్నాడు. సత్యవంతుడు లేకుండా ఆ వరం తీరదు! సందు వెతకడం దేవతల సొత్తేమీ కాదన్నమాట. అడిగేవాళ్ళకూ ఆ తెలివి ఉంటుంది.

"అయితే విక్రమార్కుడికీ ఆర్నెల్లకోసారి ట్రాన్స్‌ఫరే టీచర్!" అన్నాడు ఒకడు. తరగతంతా నవ్వింది. ఈసారి ఆ అమ్మాయి కూడా.

తన చీటీని మళ్ళీ రాస్తానంది. బదిలీ రాకూడదన్న మాట కొట్టేసింది. చాలాసేపు ఆలోచించి ఇలా రాసింది: "నేను వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ నన్ను తెలుగులో పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి."

చీటీ బల్ల చుట్టూ తిరిగింది. పదమూడు మంది సందు వెతికారు. చివరికి ఒకడు అన్నాడు, "హాజరు పిలిచే తెలుగు టీచరున్నా చాలు కదా! వరం తీరిపోయినట్టే. స్నేహితులు రారు." నిజమే, సందు ఉంది. ఆ అమ్మాయి కలం తీసుకుని ఒక ముక్క చేర్చింది: "...వాళ్ళతో నాకు పోట్లాట కూడా అవ్వాలి." టీచరుతో పోట్లాడలేం కదా, పోట్లాడాలంటే స్నేహితులే ఉండాలి, అదీ ఆమె లెక్క. ఆ తర్వాత ఎవరికీ ఇంకో సందు దొరకలేదు. భట్టికైనా దొరికేదో లేదో.

పదిహేను రోజులకు ఆ కుటుంబం వెళ్ళిపోయింది. చీటీ మా దగ్గరే ఉంచమంది. తెలుగు హాజరు పట్టీలో ఆ పేరున్న పుటలో పెట్టాం.

అభ్యాసం

1. ఒక కోరికను ఒకే వాక్యంలో రాయండి. ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా, ఏ అర్థంలో అనే నాలుగు ప్రశ్నలూ దానికి వేయండి. జవాబు తేలని చోట గీత గీయండి.

2. ఆ వాక్యాన్ని స్నేహితులకు ఇచ్చి మెలిక పెట్టమనండి. ఐదు నియమాల్లో ఏదైనా తప్పారేమో ఇద్దరూ కలిసి చూడండి.

3. 'చెయ్యి', 'తల', 'నీళ్ళు', 'కాలం' అనే మాటలకు ఎన్ని అర్థాలున్నాయో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. ఒక్కో మాటతో ఒక్కో చిక్కు కోరిక తయారుచేయండి.

4. మీకు తెలిసిన ఒక శాపం కథ తీసుకోండి. ఆ శాపం ఎవరికి, ఎలా మేలయిందో పది వాక్యాల్లో రాయండి.

5. మీరు వదిలి వచ్చిన ఊళ్ళోని ఒక స్నేహితుడికో స్నేహితురాలికో సందు లేని వరం ఒకటి రాసి ఉత్తరంలో పంపండి.

జవాబులు వచ్చే సంచికకు ఇవ్వండి. అప్పటికి మీరు వేరే విద్యాలయంలో ఉంటే అక్కడి నుంచే పంపండి. అప్పటికి మేమే వేరే ఊళ్ళో ఉంటే, ఈ బల్ల దగ్గర కూర్చునే తెలుగు టీచరుగారు తీసుకుంటారు. ఇరవై ముఖాల పాచిక అల్మారా పై అరలో, నిఘంటువుల వెనక ఉంది.